ఇంగ్లండ్ హౌసింగ్ అసోసియేషన్లు: అద్దెదారుల అసాంఘిక ప్రవర్తనపై చర్యలు

ఇంగ్లండ్‌లో మార్కెట్ ధర కంటే తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే, లాభాపేక్ష లేని సంస్థలను హౌసింగ్ అసోసియేషన్లు అంటారు. స్థానిక కౌన్సిళ్లతో పాటు తక్కువ ఆదాయమున్న కుటుంబాలకూ, వృద్ధులకూ, దివ్యాంగులకూ ఇల్లు చూపే పని వీటిదే. వీటి చేతిలో 25 లక్షలకు పైగా ఇళ్లున్నాయి. హైదరాబాద్, విజయవాడల్లోని అపార్ట్‌మెంట్ సంఘాలతో వీటిని పోల్చలేం. అక్కడ ఫ్లాట్ల సొంతదారులు తమలో తాము కమిటీగా ఏర్పడి మెయింటెనెన్స్ చూసుకుంటారు. ఇక్కడ అసోసియేషనే ఇంటి యజమాని, ఉంటున్నవారు దాని అద్దెదారులు. పక్కింటివారి ఆగడాల మీద ఫిర్యాదు వస్తే సర్దిచెప్పడంతో దాని పని అయిపోదు. అవసరమైతే కోర్టుకెళ్లి ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా దానికుంది.

ఈ అధికారంతో వచ్చే చిక్కు ఒకటుంది. చాలా కేసుల్లో బాధపడుతున్న కుటుంబమూ బాధపెడుతోందని ఆరోపణ ఎదుర్కొంటున్న కుటుంబమూ ఆ అసోసియేషన్ అద్దెదారులే. ఒకరి నిద్రను కాపాడాలి, మరొకరి ఇంటిని ఊరికే పోనివ్వకూడదు. కోర్టు ఉత్తర్వుల గురించి పత్రికలు ఎక్కువగా రాస్తాయి గానీ, ఈ పని మంచిచెడ్డలు తేలేది చాలా ముందే. మొదటి ఫిర్యాదును ఎవరు విన్నారు, ఏమని నమోదు చేశారు, ఎన్ని రోజుల్లో జవాబిచ్చారు అన్నవాటి మీదే తర్వాతి కథంతా నడుస్తుంది.

పూర్వరంగం

అద్దెదారుల నడవడి మీద యజమాని కన్నేసి ఉంచడం ఈ సంస్థలు పుట్టిన నాటి నుంచీ ఉంది. అమెరికన్ బ్యాంకరు జార్జ్ పీబాడీ విరాళంతో 1862లో లండన్‌లో మొదలైన పీబాడీ నిధి, రెండేళ్ల తర్వాత స్పిటల్‌ఫీల్డ్స్‌లో తొలి భవనం కట్టింది. అద్దె వారం వారం ముందుగానే చెల్లించాలి. మెట్లూ నడవలూ రోజూ ఊడవాలి. కుక్కల్ని పెంచకూడదు. గోడలకు రంగు వేయకూడదు, మేకు కొట్టకూడదు. 1865లో లండన్‌లోని మారిలబోన్‌లో రచయిత జాన్ రస్కిన్ పెట్టుబడితో మూడు పాత ఇళ్లు చేతికి తీసుకున్న సంఘ సంస్కర్త ఆక్టేవియా హిల్ మరో దారి చూపింది. ఆమె శిక్షణనిచ్చిన మహిళలు వారం వారం అద్దె వసూలుకు గడప గడపకూ వెళ్లి, ఆ పని మీదే మరమ్మతులు, తగాదాలు, తాగుడు, పిల్లల బడి సంగతులన్నీ కనుక్కునేవారు. ఆ పద్ధతిలో ఆదరణ ఉంది, పెత్తనమూ ఉంది. అయినా ప్రతి ఇంటి పరిస్థితీ పేరుపేరునా తెలిసిన ఒక మనిషి ఉండటమన్నది నేటికీ ఈ రంగంలో అందరూ కోరుకునేదే.

1966లో నిరాశ్రయుల తరఫున పనిచేసే షెల్టర్ సంస్థ మొదలయ్యే నాటికి వారి సమస్య దేశమంతటా చర్చకొచ్చింది. 1974 గృహ చట్టం అసోసియేషన్లకు ప్రభుత్వ నిధులు తెచ్చింది. 1988 చట్టం ప్రైవేటు రుణాలకు తలుపు తెరిచి, కొత్త రకం అద్దె ఒప్పందాన్ని ప్రవేశపెట్టింది. అదే ఏడాది చిల్టర్న్ జిల్లాతో మొదలై కౌన్సిళ్లు తమ ఇళ్లను గంపగుత్తగా అసోసియేషన్లకు బదిలీ చేశాయి. వందల ఇళ్ల సంస్థలు వేలకూ, ఆపై లక్షకు పైగా ఇళ్లకూ ఎదిగాయి. ఒక్కో అధికారి చూడాల్సిన ఇళ్లు పెరిగాయి, గడప దాకా వెళ్లే తీరిక తగ్గింది.

ఏది అసాంఘిక ప్రవర్తన

2014 నాటి అసాంఘిక ప్రవర్తన, నేరాలు, పోలీసు వ్యవస్థ చట్టం దీనికి మూడు నిర్వచనాలిచ్చింది. ఎవరికైనా వేధింపు, భయం, మనోవేదన కలిగించే ప్రవర్తన మొదటిది. ఒకరు తమ ఇంట్లో తాము ఉండటానికి ఇబ్బంది గానీ చికాకు గానీ కలిగించగలది రెండోది. ఇళ్ల నిర్వహణకు సంబంధించిన ఇబ్బంది, చికాకు మూడోది. మొదటిదానికీ మిగతా రెండింటికీ ఉన్న తేడా యాదృచ్ఛికం కాదు. బిల్లు తొలిరూపంలో ఎక్కడైనా సరే ‘చికాకు’ కలిగిస్తే చాలు, ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకునే వీలుండేది. వీధి ప్రచారకులూ నిరసనకారులూ కూడా దీనికింద చిక్కుకుంటారని 2014 జనవరిలో పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్ సభ ప్రభుత్వాన్ని ఓడించింది. బహిరంగ స్థలాల విషయంలో నిబంధనను కఠినం చేశారు, ఇళ్ల విషయంలో మాత్రం చికాకునే కొలమానంగా ఉంచేశారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో చిన్న చికాకే ఏళ్ల తరబడి సాగితే నరకమవుతుంది కాబట్టి ఇందులో న్యాయం ఉంది. కానీ ఆ తక్కువ కొలమానం బరువు ఎక్కువగా పడేది సామాజిక గృహాల్లో, అంటే కౌన్సిళ్ల, అసోసియేషన్ల ఇళ్లలో, ఉండే పేదల మీద అన్న సంగతీ మరవకూడదు.

ఆచరణలో ఫిర్యాదుల పరిధి చాలా పెద్దది. హోరెత్తే సంగీతం, అరుపులు, బెదిరింపులు, జాతి లేదా మత విద్వేషంతో తిట్టడం, మెట్ల దగ్గర చెత్త, అదుపు లేని కుక్కలు, మాదకద్రవ్యాల అమ్మకం అన్నీ ఇందులో ఉంటాయి. పిల్లలు ఆడుకోవడం, పసిబిడ్డ ఏడుపు, వంటింటి తాలింపు వాసన, ఎప్పుడో ఒకనాటి పుట్టినరోజు సందడి వంటివాటిని అసాంఘిక ప్రవర్తనగా చూడబోమని చాలా అసోసియేషన్లు తమ విధాన పత్రంలోనే రాసుకుంటాయి. అలాంటి విధానాన్ని ప్రచురించి తీరాలని 2003 అసాంఘిక ప్రవర్తన చట్టం సామాజిక గృహ యజమానులకు నియమం పెట్టింది.

అన్నిటికంటే ఎక్కువ పేచీ తెచ్చేది శబ్దం. పై ఫ్లాట్లో అడుగుల చప్పుడు, రాత్రి పదకొండింటికి వాషింగ్ మెషిన్, కార్పెట్ తీసేసి వేసిన చెక్క నేల కింది ఇంటివారి సహనాన్ని పరీక్షిస్తాయి. పై ఇంటివారు ఏ తప్పూ చేయకపోయినా కింది ఇంటివారికి నిద్ర ఉండదు. విక్టోరియా కాలపు ఇళ్లను ఫ్లాట్లుగా చీల్చినచోట గోడలూ నేలలూ శబ్దాన్ని ఆపలేవు. కొత్త కట్టడాలకూ మార్పిడులకూ శబ్ద నిరోధంపై గట్టి ప్రమాణాలు వచ్చింది 2003లో. అంతకు ముందువి లక్షల్లో ఉన్నాయి. యజమానులపై అద్దెదారుల ఫిర్యాదులను విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2022 అక్టోబరులో శబ్ద ఫిర్యాదుల మీద వెలువరించిన ప్రత్యేక నివేదిక ఈ సంగతినే ఎత్తిచూపింది. మామూలు ఇంటి శబ్దాలను అసాంఘిక ప్రవర్తన కింద విచారిస్తే ఎవరి తప్పూ తేలదు, కేసు మూసేస్తారు, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ఇరుగుపొరుగు సంబంధాల కోసం వేరే విధానం ఉండాలనీ, ఇల్లు కొత్తవారికి ఇచ్చే ముందే నేల పరుపు, తలుపుల బిగింపు, శబ్ద నిరోధం చూసుకోవాలనీ సూచించింది. ఈ నివేదిక చెప్పింది అక్షరాలా నిజం. కట్టడం లోపాన్ని మనిషి దోషంగా రాసుకున్నంత కాలం ఎన్ని హెచ్చరిక లేఖలు పంపినా ఎవరికీ మేలు జరగదు.

ఫిర్యాదు అందిన తర్వాత

ఫిర్యాదు ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో అందగానే దాని తీవ్రతను బట్టి వరుస నిర్ణయిస్తారు. దౌర్జన్యం, విద్వేషం, గృహహింస ఉంటే ఒక పని దినంలోనూ, మిగతావాటికి అయిదు రోజుల్లోపూ మాట్లాడతామని చాలా సంస్థలు మాటిస్తాయి. ఆ తర్వాత నష్టభయం అంచనా వేస్తారు. ఇది ఎన్నాళ్లుగా సాగుతోంది, ఇంట్లో దివ్యాంగులున్నారా, ఒంటరివారా, ఇంతకు ముందు ఆత్మహత్య ఆలోచన వచ్చిందా వంటి ప్రశ్నలకు మార్కులుంటాయి. అంకె పెద్దదైతే పోలీసులతో, కౌన్సిల్‌తో, ఆరోగ్య శాఖతో కలిసి కూర్చుంటారు. నేర నివారణ కోసం ఇలా సమాచారం పంచుకోవడానికి 1998 నేరాలు, అశాంతి చట్టం వీలిస్తోంది.

ఫిర్యాదుదారు చేతికి డైరీ కాగితాలిస్తారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం జరిగింది, ఎవరు చూశారు, తమ మీద దాని ప్రభావమేంటి అన్నవి రాయాలి. ఇప్పుడు శబ్దాన్ని రికార్డు చేసి నేరుగా అధికారికి పంపే ఫోన్ యాప్‌లూ వచ్చాయి. సాక్ష్యం లేకుండా కోర్టు కదలదు కాబట్టి ఇది తప్పనిసరే. కానీ నెలల తరబడి డైరీ నింపుతూ, ‘మీ కాగితాలు చాలవు’ అనిపించుకునే మనిషికి ఇది రెండో శిక్ష. రాసిన కాగితాలను ఎవరైనా చదివారో లేదో కూడా తెలియనప్పుడు చాలామంది ఆపేస్తారు. కేసు ‘సహకారం లేనందున’ మూతపడుతుంది.

సాక్ష్యం సేకరించడమే ప్రమాదమైన ఘటన బ్రిస్టల్‌లో జరిగింది. ఇరాన్ నుంచి శరణార్థిగా వచ్చి కౌన్సిల్ ఇంట్లో ఉంటున్న ఒక దివ్యాంగుడు, తన పూలకుండీలు పాడుచేస్తున్న కుర్రాళ్ల ఫొటోలు ఆధారం కోసం తీశాడు. ఆయన పిల్లల్ని ఫొటో తీస్తున్నాడన్న అబద్ధపు పుకారు వీధిలో చెలరేగింది. 2013 జులైలో ఒక పొరుగువాడు ఆయన్ను కొట్టి చంపి, శవాన్ని తగలబెట్టాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆయన పోలీసులకూ కౌన్సిల్‌కూ మొరపెట్టుకుంటూనే ఉన్నాడు. వాళ్లు ఆయన్నే తలనొప్పి మనిషిగా చూశారని 2017లో వెలువడిన సమీక్ష తేల్చింది. ఇద్దరు పోలీసు సిబ్బందికి జైలుశిక్ష పడింది. పదే పదే ఫిర్యాదు చేసేవారికి ‘ఎప్పుడూ ఉండే గోలే’ అని ముద్ర వేయడమే ఈ రంగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు.

ఆరోపణ ఎదుర్కొంటున్నవారిని పిలిచి మాట్లాడటంలోనూ జాగ్రత్త కావాలి. స్కాట్లండ్‌లో 2001లో గ్లాస్గో కౌన్సిల్ అధికారులు ఒక అద్దెదారును పిలిపించి, తీరు మార్చుకోకపోతే ఇల్లు ఖాళీ చేయిస్తామన్నారు. అతను ఇంటికెళ్లి, ఫిర్యాదు చేసిన వృద్ధుడైన పొరుగువాడిని కొట్టగా ఆయన తర్వాత చనిపోయాడు. ఫిర్యాదుదారును ముందుగా హెచ్చరించాల్సిన చట్టబద్ధ బాధ్యత యజమానికి లేదని, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన లార్డ్స్ సభ 2009లో తీర్పిచ్చింది. చట్టం అంతవరకే చెప్పినా, ఎప్పుడు మాట్లాడబోతున్నదీ ఫిర్యాదుదారుకు ముందే చెప్పడం నేడు మంచి పద్ధతి.

పై ఇంట్లో అరుపులు, వస్తువులు పగిలిన చప్పుడు అని ఫిర్యాదు వస్తే దాన్ని శబ్దంగా నమోదు చేసి హెచ్చరిక పంపడం ఒకప్పుడు మామూలు. ఆ చప్పుడు ఒక మహిళ దెబ్బలు తింటున్నప్పటిదైతే, హెచ్చరిక లేఖ ఆమె ఇంటికే ముప్పు తెస్తుంది. ఇప్పుడు అధికారులకిచ్చే శిక్షణలో గృహహింస గుర్తుల్ని పట్టడం ఒక ముఖ్య భాగం. మాదకద్రవ్యాల ముఠాలు ఒంటరిగా, బలహీనంగా ఉన్నవారి ఇంట్లో దిగి దాన్నే తమ స్థావరం చేసుకోవడం కూడా ఇలాంటిదే. పొరుగువారికి కనిపించేది రాత్రంతా తలుపు కొట్టే మనుషులు. లోపల అద్దెదారు తన ఇంట్లోనే బందీ అయి ఉండొచ్చు.

కోర్టుకెళ్లక ముందు

కేసుల్లో అత్యధికం కోర్టు గడప తొక్కవు. మాట్లాడటం, హెచ్చరిక, ఇద్దరినీ కూర్చోబెట్టి తటస్థ మధ్యవర్తి చేత రాజీ కుదర్చడం తొలి మెట్లు. ఇద్దరి మాటకూ సమాన బలం ఉన్నచోటే మధ్యవర్తిత్వం పనిచేస్తుంది. విద్వేషం, బెదిరింపు ఉన్నచోట బాధితుల్ని దానికి ఒప్పించడం అన్యాయం. ఉత్తర లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో 1990ల చివర కౌన్సిల్, పోలీసులు కలిసి రూపొందించిన మంచి నడవడి ఒప్పందాలు దేశమంతా పాకాయి. ముఖ్యంగా పిల్లలూ కుర్రకారూ ఏమేం చేయబోమో రాసి, తల్లిదండ్రుల ఎదుట సంతకం చేస్తారు. చట్టబద్ధంగా కట్టిపడేసే శక్తి వాటికి లేదు. తర్వాత కోర్టుకెళ్తే ‘ముందు అవకాశమిచ్చాం’ అనడానికి మాత్రం ఆధారమవుతాయి.

ఇల్లు ఖాళీ చేయిస్తే కుటుంబం మరో పేటకు వెళ్తుంది, సమస్యా దాని వెంటే వెళ్తుంది. పైగా ప్రవర్తన వల్ల ఇల్లు పోగొట్టుకున్నవారిని ‘కావాలనే నిరాశ్రయులైనవారు’గా కౌన్సిల్ పరిగణించే అవకాశం ఉంది. అప్పుడు మళ్లీ శాశ్వతంగా ఇల్లు చూపే పూర్తి బాధ్యత దానికి ఉండదు. దీనికి మరో దారి 1990ల నడుమ స్కాట్లండ్‌లోని డండీలో మొదలైంది. ఇల్లు పోగొట్టుకున్న, పోగొట్టుకోబోతున్న కుటుంబాలకు అక్కడ ఒక ప్రాజెక్టు ఇంటింటికీ మనిషిని కేటాయించింది. మరీ కష్టమైన కుటుంబాలను సిబ్బంది పర్యవేక్షణ ఉన్న ఫ్లాట్లలో ఉంచింది. పిల్లల్ని వేళకు బడికి పంపడం, అద్దె బాకీ తీర్చడం, తాగుడుకు చికిత్స చేయించడం అన్నీ ఆ మనిషే దగ్గరుండి చూసేది. 2006 నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వం ఈ నమూనాను తీసుకుంది. కుటుంబంతో నెలల తరబడి నడవాలంటే ఖర్చవుతుంది. పొదుపు కాలంలో మొదట కోతపడేదీ ఇలాంటి పనులకే. ఇది చింతించాల్సిన విషయం.

కోర్టుకెళ్తే

1996 గృహ చట్టం సామాజిక గృహ యజమానులకు ఇంజంక్షన్లు కోరే ప్రత్యేక అధికారమిచ్చింది. 1998 నేరాలు, అశాంతి చట్టం తెచ్చిన అసాంఘిక ప్రవర్తన ఉత్తర్వులు ఒక తరం పాటు పత్రికల్లో మోగిపోయాయి. 2002 నుంచి అసోసియేషన్లు కూడా వాటిని కోరగలిగేవి. ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకు జైలు. అందుకే ఆ ఉత్తర్వుకు నేర విచారణ స్థాయి రుజువు కావాలని 2002లో లార్డ్స్ సభ చెప్పింది. 2014 చట్టం వాటిని తీసేసి సివిల్ ఇంజంక్షన్ తెచ్చింది. పదేళ్లు నిండిన ఎవరి మీదైనా కోరవచ్చు. జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువని జడ్జి నమ్మితే చాలు. ఫలానా వీధికి రావద్దు, ఫలానావారితో మాట్లాడొద్దు అనడమే కాక, తాగుడు మానే చికిత్సకు వెళ్లాలని కూడా ఆదేశించవచ్చు. దౌర్జన్యం లేదా తీవ్ర హాని ప్రమాదం ఉంటే సొంత ఇంటికే రావద్దని చెప్పొచ్చు. ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారం. పెద్దలకు రెండేళ్ల వరకు జైలు పడవచ్చు, అయితే ఆ ఉల్లంఘనను నేర విచారణ స్థాయిలో రుజువు చేయాలి.

భయపడే పొరుగువారు సాక్ష్యం చెప్పరు. వారు చెప్పిన మాటలను పేర్లు బయటపెట్టకుండా హౌసింగ్ అధికారి కోర్టుకు చెప్పవచ్చు. ఇలా విన్నమాటగా వచ్చిన సాక్ష్యానికి ఎంత విలువివ్వాలన్నది జడ్జి నిర్ణయం. ఎదుటి లాయరు ప్రశ్నించడానికి మనిషే లేనప్పుడు ఆ విలువ తగ్గడం సహజం.

ఇల్లు ఖాళీ చేయించడానికి 1988 గృహ చట్టంలోని 14వ కారణం ప్రధాన ఆధారం. అద్దెదారు గానీ ఇంట్లోవారు గానీ వచ్చేపోయేవారు గానీ ఆ పరిసరాల్లో ఉండేవారికి ఇబ్బంది కలిగిస్తే ఇది వర్తిస్తుంది. కొడుకు చేసిన పనికి తల్లి ఇల్లు పోవడం ఇలాగే జరుగుతుంది. ఖాళీ చేయించడం సమంజసమా అన్నది జడ్జి తూచి చూస్తాడు. తరచూ షరతులతో ఉత్తర్వును నిలిపి ఉంచి, మారే అవకాశం ఇస్తాడు. 2014లో దీనికి తోడు తప్పనిసరి కారణం ఒకటి వచ్చింది. తీవ్ర నేరంలో శిక్షపడటం, ఇంజంక్షన్ ఉల్లంఘన రుజువు కావడం, 48 గంటలకు మించి ఇంటిని మూసేసే ఉత్తర్వు పడటం వంటివాటిలో ఏదైనా జరిగి ఉంటే, సమంజసమా అన్న ప్రశ్న లేకుండానే కోర్టు ఉత్తర్వివ్వాలి. మాదకద్రవ్యాల అడ్డాలైన ఇళ్లను పోలీసులు, కౌన్సిళ్లు కోర్టు ద్వారా మూడు నెలలు, పొడిగిస్తే మొత్తం ఆరు నెలల దాకా మూయించగలవు.

కొత్తగా చేరినవారికి అసోసియేషన్లు ఏడాది పాటు ప్రయోగాత్మక ఒప్పందం ఇస్తూ వచ్చాయి. ఆ గడువులో గొడవ వస్తే కారణం రుజువు చేయకుండానే ఖాళీ చేయించే వీలుండేది. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం కారణం చెప్పని ఖాళీకి ముగింపు పలికే దారి పట్టించడంతో ఈ పద్ధతికి ఆధారం పోతోంది.

కోర్టులు మరోవైపు పగ్గాలూ వేశాయి. ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు అసోసియేషన్ మానవ హక్కుల చట్టం కింద ప్రభుత్వ సంస్థలాంటిదేనని 2009లో లండన్‌లోని ఒక పెద్ద అసోసియేషన్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. చర్య తప్పుకు తగినంత మేరకే ఉందా అని చూడాల్సిన అవసరాన్ని 2010లో మాంచెస్టర్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది. అద్దెదారు ప్రవర్తన మానసిక వైకల్యం వల్ల వచ్చిందైతే 2010 సమానత్వ చట్టం మరింత గట్టి రక్షణనిస్తుందని 2015లో అదే కోర్టు స్పష్టం చేసింది. అర్ధరాత్రి అరిచే మనిషికి కావాల్సింది తాళం మార్చడమా, మందు మార్చడమా అన్న ప్రశ్న దీంతో తప్పించుకోలేనిదైంది. మానసిక ఆరోగ్య సేవల కోసం నిరీక్షణ జాబితాలు పొడవైనప్పుడు, డాక్టరు చేయాల్సిన పని హౌసింగ్ అధికారి మీద పడుతోంది.

పట్టించుకోకపోతే

లెస్టర్‌షైర్‌లోని బార్‌వెల్ గ్రామంలో కుర్రాళ్ల మూక ఏళ్ల తరబడి ఒక కుటుంబాన్ని వేధించింది. 2007 అక్టోబరులో ఆ తల్లి వైకల్యమున్న 18 ఏళ్ల కూతురితో కలిసి కారులో నిప్పంటించుకుని చనిపోయింది. ఆమె పోలీసులను 33 సార్లు ఆశ్రయించిందనీ, ఒక్కో ఫిర్యాదునూ విడివిడిగా చూసి మొత్తం రూపాన్ని ఎవరూ గుర్తించలేదనీ తర్వాతి విచారణలో తేలింది. 2014 చట్టంలో బాధితులు కేసు సమీక్షను డిమాండ్ చేసే హక్కు పెట్టడానికి ఈ విషాదమే ముఖ్య ప్రేరణ. ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు చేసినా ఫలితం కనబడకపోతే, పోలీసులు, కౌన్సిల్, ఆరోగ్య సంస్థలు, అసోసియేషన్ అంతా కలిసి ఆ కేసును మళ్లీ చూడాలి. అందులో వచ్చేది సిఫార్సే, ఆదేశం కాదు. అదీకాక ఈ హక్కుందని చాలామంది అద్దెదారులకు తెలియదు.

హౌసింగ్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించడం మరో దారి. పొరుగువాడు తప్పు చేశాడా లేదా అన్నది అంబుడ్స్‌మన్ తేల్చదు. యజమాని తన విధానాన్ని తాను పాటించిందా, సకాలంలో స్పందించిందా అన్నదే చూసి, అవసరమైతే క్షమాపణ, పరిహారం ఆదేశిస్తుంది. 2023 సామాజిక గృహ నియంత్రణ చట్టం తర్వాత నియంత్రణ సంస్థ కూడా పెద్ద యజమానులను నేరుగా తనిఖీ చేస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి యజమానీ వెయ్యి ఇళ్లకు ఎన్ని అసాంఘిక ప్రవర్తన కేసులు తెరిచిందో, వాటిలో విద్వేష ఘటనలెన్నో, తన పనితీరు పట్ల అద్దెదారులు ఎంత తృప్తిగా ఉన్నారో లెక్క చూపాలి. ఈ లెక్కల్ని చదవడంలో ఒక మెలకువ కావాలి. కేసుల సంఖ్య తక్కువగా ఉండి, తృప్తి కూడా తక్కువగా ఉన్నచోట అది ప్రశాంతతకు గుర్తు కాదు, జనం ఫిర్యాదు చేయడం మానేశారనడానికి గుర్తు. తనిఖీదారులు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సి ఉంటుంది.